చిప్పల గట్టు

ఆ హాస్య వార్తల కార్యక్రమం పేరు ఇక్కడ రాయను. ఆ లంక ఊరి పేరు కూడా రాయను. రాస్తే చదివినవాళ్లలో కొందరైనా ఆదివారం చూసుకుని పడవెక్కుతారు. అక్కడికి వెళ్లేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. నేనూ వెళ్లొచ్చినదాన్నే కాబట్టి ఈ మాట అనడానికి నాకు పెద్ద అర్హతేం లేదు, అయినా అంటున్నాను.

మాది అనంతపురం. హైస్కూల్లో సోషల్ చెబుతాను. పంచాయతీ, శాసనసభ, ఓటు హక్కు అని బోర్డు మీద రాస్తుంటే పిల్లలు ఆవలించేవారు. రాజమండ్రి నుంచి వచ్చే ఈ యూట్యూబ్ వార్తలు దొరికాక నా క్లాసులో ఆవలింతలు తగ్గాయి. కోటు వేసుకున్న యాంకరు సంతాపసభలో మాట్లాడుతున్నట్టు మొహం పెట్టి, నాయకుల్ని ‘గారు’ అంటూనే నిలువునా కడిగేస్తాడు. ఇలాంటివాళ్లు ఇంకో నలుగురుంటే జనం మేలుకుంటారని స్టాఫ్ రూమ్‌లో గట్టిగా వాదించేదాన్ని.

రూతమ్మను మొదట చూసింది ఆ కార్యక్రమంలోనే. గోదావరి పాయల మధ్య దీవిలాంటి ఊరు ఆమెది. వరద వచ్చినప్పుడల్లా ఒడ్డు విరిగి ఏట్లో పడిపోతోంది. రాళ్లతో గట్టు కడతామని ఎన్నికలకోసారి శంకుస్థాపన చేస్తారు, అంతటితో సరి. ఆ విరిగిన ఒడ్డున నిలబడి, కూలిపని చేసుకునే ఈ పెద్దావిడ యాంకరుతో అంది: “వచ్చినోళ్లల్లా కొబ్బరికాయ కొట్టి ఎల్తన్నారండి. ఆ చిప్పలన్నీ ఇక్కడేసున్నా ఈపాటికి గట్టు లేచిపోయేదండి బాబూ.”

రాష్ట్రమంతా పడీపడీ నవ్వింది. ఆవిడ మొహం వాట్సాప్ స్టిక్కరైంది. క్రికెట్‌లో మనవాళ్లు ఓడినా, జీతాలు ఆలస్యమైనా ‘చిప్పలేయండి బాబూ’ అని పంపుకోవడం అలవాటైంది. ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో ఎవరో అడిగారు, ఇంతకీ ఆ గట్టు పడిందా అని. మాట అందరికీ నోటికొచ్చు, గట్టు సంగతి ఒక్కరికీ తెలియదు. దసరా సెలవులు రాగానే రైలెక్కాను.

రాజమండ్రి: మమ్మల్నీ కాస్త ఏడిపించండి

నాతో బీఎడ్ చదివిన పద్మజ రాజమండ్రిలో లెక్కల టీచరు. స్టేషన్ నుంచి నేరుగా టిఫిన్‌కి తీసుకెళ్లింది. మా వైపు పొద్దున ఉగ్గాని, బజ్జీ. ఇక్కడ పెసరట్టులో ఉప్మా పెట్టి ఇస్తారు, దాని మీద అల్లం చట్నీ. మూడోసారి చట్నీ అడిగితే సర్వరు ఎంతో వినయంగా వంగి, “చట్నీలోకి ఇంకో పెసరట్టు తెమ్మంటారా అండి?” అన్నాడు. మా అనంతపురంలో విసుగొస్తే విసుక్కుంటారు. ఇక్కడ విసుగుకి కూడా ‘అండి’ తగిలించి వడ్డిస్తారు. తిట్టారో మర్యాద చేశారో తేలేలోపు మనం నవ్వేసి ఉంటాం.

యాంకరు పద్మజ వాళ్లకి దూరపు బంధువు. దానవాయిపేటలో ఒక ఇంటి మేడ మీద ఆయన స్టూడియో ఉంది. గోడకి ఆకుపచ్చ గుడ్డ, రెండు లైట్లు, ఒక బల్ల. బల్ల పైకి కోటూ టై, కింద గళ్ల లుంగీ. మనిషి మంచివాడు. మమ్మల్ని కూర్చోబెట్టి రోజ్‌మిల్క్ తెప్పించాడు. నేను వచ్చిన పని చెప్పి, గట్టు పడిందా అని అడిగాను.

“ఫాలో అప్ చేశామండి. రెండో ఎపిసోడ్ మొదటిదానికంటే బాగా వెళ్లింది” అన్నాడు.

ఆ రెండోది నేను చూడలేదు. ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాడు. ఆ ప్రాంతపు నాయకుడొకాయన మందీమార్బలంతో పడవ దిగాడు. వెనకాల ఒకడు గోనెసంచి మోసుకొస్తున్నాడు. ఆయన అందులోంచి ఒక కొబ్బరిచిప్ప తీసి, విరిగిన ఒడ్డు మీద వేసి, రూతమ్మ భుజం మీద చెయ్యి పెట్టి, “అక్కా, నీ మాట తీసెయ్యలేక పని మొదలెట్టేశాను” అన్నాడు. జనం ఈలలు, చప్పట్లు. రూతమ్మ కూడా చప్పట్లు కొడుతోంది. అంతమంది కొడుతుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? యాంకరు ఆ నాయకుణ్ణి ‘స్పోర్టివ్’ అని మెచ్చుకుని ఎపిసోడ్ ముగించాడు.

పద్మజ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. చెంపదెబ్బ లాంటి మాటని ఆయన దండలా మెళ్లో వేసుకుని వెళ్లిపోయాడు, రాయి మాత్రం ఒక్కటీ పడలేదు. ఆ సంగతే అన్నాను. యాంకరు నొచ్చుకోలేదు. తాను చెప్పకపోతే ఆ లంక ఒకటుందని మా అనంతపురంలో ఎవరికి తెలిసేదని అడిగాడు. అదీ నిజమే. కోపం రెండు రోజుల్లో చల్లారుతుందనీ నవ్వు ఏళ్ల తరబడి గుర్తుంటుందనీ వివరించాడు. ఏం గుర్తుంటుందని నేను అడిగేలోపు ఆయన ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి నిట్టూర్చాడు. ఎవరో నాయకుడి పీఏ అట. “మా అన్న మీద ఒక్క ఎపిసోడూ చెయ్యట్లేదు, మేమేం పాపం చేశాం, మమ్మల్నీ కాస్త ఏడిపించండి అంటున్నారండి” అన్నాడు. వారానికి ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో దిగులూ ఉంది, కొంచెం గర్వమూ ఉంది.

కడియం: నీళ్లు తాగే మొక్క

మర్నాడు పొద్దున పద్మజకి ఇంట్లో పనుండటంతో ఒక్కదాన్నే షేర్ ఆటోలో కడియం వెళ్లాను. రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. వానకోసం ఆకాశం చూసే జిల్లా నుంచి వచ్చినదాన్ని, పైపు మూయకుండా కబుర్లు చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు గుండె జారింది. ఉత్తరాదికి వెళ్లే లారీలోకి మొక్కలు ఎక్కిస్తున్నారు. ఆడవాళ్లు వరుసగా కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతున్నారు. నందివర్ధనం మొక్క పాతిక రూపాయలు. మా ఊళ్లో వందకి తక్కువ ఇవ్వరు, అదీ సగం ఎండింది.

అన్నాల వేళకి వాళ్లు ఫోన్‌ని ఒక కుండీకి ఆనించి మన యాంకరు వార్తలే పెట్టారు. నన్నూ కూర్చోమని ఆవకాయ ముద్ద కలిపి పెట్టారు. వాళ్లకు తెలిసిన రాజకీయం నా సోషల్ పుస్తకంలో లేదు. ఏ కాంట్రాక్టు ఎవరి బావమరిదికి వెళ్లిందో, ఎవరు ఏ పార్టీలోంచి ఎందుకు దూకారో గడగడా చెప్పారు. ఒకామె దూరంగా ఉన్న ఏపైన మొక్కని చూపించి, దానికి ఫలానా నాయకుడి పేరు పెట్టుకున్నామంది. ఎందుకంటే, “పొద్దస్తమానూ నీళ్లు తాగుద్దండి. పూయదు, కాయదు” అంది.

ఇంత తెలిసినవాళ్లు కదా అని మీ వార్డు మెంబరు ఎవరని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొన్నటి ఎన్నికల్లో ఓటు ఎవరికేశారో చెప్పక్కర్లేదు, వేశారా అని అడిగాను. ఆ మొక్కకి పేరు పెట్టినామె చెయ్యి కడుక్కుంటూ, “అందరూ దొంగలేనని ఆయన రోజూ చూపిత్తున్నారు కదండి. ఇంక మనం లైన్లో నిలబడి తేల్చేదేటండి?” అంది. ఆ రోజు సెలవిచ్చారు, ఇంట్లో పడుకున్నానంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ ఆమెకి కనిపించలేదు. మేలుకున్న జనం అని నేను అనుకున్నది వీళ్లనే. మేలుకున్నారు, నవ్వుకున్నారు, మళ్లీ పడుకున్నారు.

రావులపాలెం: చీర మీద మరక

ఆ మర్నాడు రావులపాలెంలో బస్సు దిగి అరటి మార్కెట్‌లోకి ఊరికే దూరాను. గెలలు గోడల్లా పేర్చి ఉన్నాయి. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి. డజను చక్కెరకేళి బేరమాడితే అమ్మే ఆయన, “మీరు పాడుకున్న రేటుకి తొక్కలొత్తాయండి, కట్టమంటారా?” అన్నాడు. నవ్వుతూ వెనక్కి జరిగి, అప్పుడే కోసిన గెలకి ఆనుకున్నాను. తెగిన చోట కారే జిగురు అంటుకుని చీర మీద మరక పడింది. అప్పటికప్పుడు నీళ్లలాగే కనిపిస్తుంది, ఆరాక నల్లబడుతుంది, ఇక వదలదు. అనుభవమైతే గానీ నమ్మలేదు. పూతరేకులు ఒక పొట్లం కట్టించుకుని రేవుకి ఆటో ఎక్కాను.

లంక: పది రూపాయల చిప్ప

రేవులో పడవ నడిపే వీర్రాజుకి నేనెవరో, ఎక్కడికో చెప్పాల్సిన పని లేకపోయింది. టికెట్టుతో పాటు ఒక ఎండు కొబ్బరిచిప్ప చేతిలో పెట్టి, “పది రూపాయలండి” అన్నాడు. ఎందుకంటే ఆశ్చర్యపోయాడు. వచ్చేవాళ్లందరూ అందుకేనట వచ్చేది. నాయకుడు చిప్ప వేసిన చోటే తామూ ఒకటి వేసి, వీడియో తీసుకుని వెళతారు. దిగగానే చూశాను. విరిగిన ఒడ్డు మీద చిప్పల కుప్ప, దాని పక్కన ‘మన గట్టు మనమే వేసుకుందాం’ అని ఫ్లెక్సీ, ఎదురుగా రెండు కొబ్బరిబొండాల బళ్లు, ఒక బజ్జీల బండి. వానలకి కుప్ప అడుగు కుళ్లి నీళ్లలోకి జారుతోంది. కొన్ని చిప్పలు పాయలో తేలుతూ పోతున్నాయి. ఎనిమిదిమంది కాలేజీ కుర్రాళ్లు వంతులవారీగా విసురుకుంటున్నారు. నా చిప్పని సంచిలో వేసుకున్నాను.

గట్టు పడితే మంచిదే కదా అని వీర్రాజుతో అన్నాను. “పడితే మంచిదేనండి. కానీ పడితే వీళ్లెందుకొత్తారండి?” అన్నాడు. ఎగతాళిగా అన్నట్టే అన్నాడు గానీ, బజ్జీల బండి ఆయన భార్యదని తర్వాత తెలిసింది.

రూతమ్మ ఇల్లు చర్చి వెనకాల. టీవీ వాళ్లనుకుని మొదట మొహం తిప్పుకుంది. టీచర్నని చెప్పాక పీట వేసింది. ఆ పూట అక్కడే భోజనం చేశాను. కొర్రమీను పులుసు, అందులో మామిడికాయ ముక్కలు. మా వైపు చేపంటే చెరువు నిండిన ఏడాది మాటే. తిన్నాక నన్ను సమాధుల తోటకి తీసుకెళ్లింది. చర్చికీ ఏటికీ మధ్య ఉంది ఆ స్థలం. అక్కడ శిలువలు వరుసల్లో ఉండేవట. ఇప్పుడు చివరి వరుసలు లేవు, ఒడ్డుతో పాటు పోయాయి. మిగిలినవాటిలో అంచుకి దగ్గరగా ఉన్నది ఆమె భర్త సమాధి. ఒడ్డు అక్కడికి ఇంటి వసారా అంత దూరంలో ఉంది.

పాస్టరుగారు ఎముకలు తీసి అవతలి ఒడ్డున చర్చి స్థలంలో పెట్టుకొమ్మని రెండేళ్లుగా చెబుతున్నారట. కొన్ని కుటుంబాల వాళ్లు అలా తీసుకుపోయారు. ఈమె ఒప్పుకోలేదు. గట్టు పడితే ఆయన్ని కదపక్కర్లేదు కదా అని ఆగింది. మర్నాడు గాంధీ జయంతి, గ్రామసభ. రాళ్లు వేయాలని ఈసారి తీర్మానం చేసి పంపితే ఎండాకాలంలో పని మొదలుపెట్టొచ్చనీ లేకపోతే వచ్చే వరదే గతనీ పంచాయతీ కార్యదర్శి చెప్పాడట. కిందటి రెండు సభల్లోనూ ఆమె లేచి నోరు తెరవగానే జనం చిప్పల మాట అందుకుని నవ్వేశారు. చెప్పాల్సింది చెప్పకుండానే కూర్చుంది.

“నవ్వు రాకుండా ఎలా మాట్లాడాలో చెప్పండి టీచరుగారూ” అంది. “మాకు నోట్లోంచి వచ్చేదంతా అలాగే వత్తాదండి. ఆ రోజు నేను నవ్వించాలని అన్నానేటండి? కడుపు మండి అన్నాను.”

ఇద్దరం ఆమె వసారాలో కూర్చుని మాటలు తయారుచేశాం. ఆమె చెప్పేది, నేను వెటకారం ఏరేసేదాన్ని. ‘వచ్చే వరదకి మావారు సముద్రం చూడ్డానికెల్తారండి’ అంది. తీసేశాను. ‘బతికుండగా రాజమండ్రి కూడా చూపించలేదు, చచ్చాక తీర్థయాత్ర’ అంది. అదీ తీసేశాను. తీసేసిన ప్రతిసారీ ఆమె బుద్ధిగా తలూపింది. చివరికి మిగిలింది చిన్న మాట: మా సమాధుల తోట పోతోంది, తర్వాత చర్చి పోతుంది, ఆ తర్వాత ఇళ్లు. రాళ్లు వేయించమని తీర్మానం చేయండి. పాఠం అప్పజెప్పినట్టు నాలుగైదుసార్లు చెప్పి చూసుకుంది. అచ్చం అచ్చుపుస్తకంలా ఉంది. నాకు చాలా తృప్తి కలిగింది.

గ్రామసభ

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. గాంధీగారి పటానికి దండ, ఒక మైకు, వందకు తగ్గని జనం. ఇంతమంది ఎప్పుడూ రారట. రూతమ్మ మాట్లాడుతుందని తెలిసి వచ్చారు. బయటి ఊరివాళ్లు కూడా కొందరు ఫోన్లు సిద్ధంగా పట్టుకుని ముందు వరసలో ఉన్నారు.

ఆమె మైకు ముందుకు వెళ్లగానే నవ్వులు మొదలయ్యాయి. ఆమె నవ్వలేదు. మేం తయారుచేసుకున్నది తయారుచేసుకున్నట్టే, ఎక్కడా తడబడకుండా చెప్పింది. జనం ఆగి విన్నారు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. తర్వాత అర్థమైంది, వాళ్లు ఎదురుచూస్తున్నారు. అసలు మాట ఎప్పుడంటుందా అని చూస్తున్నారు. ఆమె ముగించి నమస్కారం పెట్టింది. వెనక నుంచి ఒక కుర్రాడు, “చిప్పల సంగతి చెప్పవేంటి రూతమ్మత్తా?” అని అరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపి వచ్చి కూర్చుంది.

ముందు వరసవాళ్లు ఫోన్లు దించారు. ఇంతేనా అని ఒకరితో ఒకరు అనుకున్నారు. లేచారు. వాళ్ల వెనకే ఊరివాళ్లూ లేచారు. పడవల వేళైందని కొందరు, బళ్ల దగ్గర బేరాలున్నాయని కొందరు. నేను షామియానా గుంజ దగ్గర నిలబడి కూర్చోండి, తీర్మానం అయ్యేదాకా ఉండండి అని నలుగురైదుగురిని బతిమాలాను. ఒకాయన మర్యాదగా ఆగి, “ఆవిడ బాగా మాట్లాడలేదండి ఈసారి” అన్నాడు.

కార్యదర్శి కుర్చీలు చూశాడు. చెడ్డవాడేం కాదు, మొహం చిన్నబుచ్చుకున్నాడు. సంతకాలకి సరిపడా మనుషులు లేరనీ వచ్చే సభలో పెడదామనీ చెప్పి మైకు కట్టేశాడు. నేను సరిదిద్దిన మాటలకి జనం నిలవలేదు. ఆమె సొంత మాటలకి నిలుస్తారు గానీ వినరు. ఆ రెండింటి మధ్య ఆమెకి మిగిలిందేమిటో నాకు తోచలేదు, ఇప్పటికీ తోచదు.

రూతమ్మ అక్కడి నుంచి నేరుగా పాస్టరుగారింటికి వెళ్లింది.

తిరుగు పడవ

మర్నాడు పొద్దున్నే తవ్వారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సంఘం పెద్దలు ఇద్దరు, రూతమ్మ, నేను. ఎముకలు కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, ఒక చిన్న చెక్కపెట్టెలో పెట్టారు. ఆమె ఏడవలేదు. గుంట పూడ్చేటప్పుడు మాత్రం, “ఇక్కడే ఉంటానని చెప్పి పడుకున్నారండి ఆయన” అంది. పెద్దలు తాము మోస్తామన్నారు. ఆమె ఇవ్వలేదు. అవతలి ఒడ్డున కూతురూ అల్లుడూ కాచుకుని ఉన్నారు, అక్కడి చర్చి స్థలంలో గుంట సిద్ధం చేయించారు.

రేవుకి వచ్చేసరికి సెలవు మర్నాడైనా జనం ఉన్నారు. తొలి పడవలో వచ్చి చిప్పలు వేసి, వీడియోలు తీసుకుని తిరిగి వెళ్లేవాళ్లు. వీర్రాజు పెట్టెని చూసి ముందు బల్ల ఖాళీ చేయించాడు. రూతమ్మ పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమెను ఎవరూ గుర్తుపట్టకూడదని నేను దేవుడికి మొక్కుకుంటున్నాను.

పడవ పాయ మధ్యకి వచ్చాక నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి గుర్తుపట్టింది. చెడ్డపిల్ల కాదు, నమస్కారం పెట్టి మరీ పక్కకొచ్చి కూర్చుంది. మీరంటే మా హాస్టలంతా పిచ్చి ఆంటీ అంది. ఫోన్ చాచి ఇద్దరి మొహాలూ పడేలా పట్టుకుని, పెట్టె వైపు చూపించి, “ఇందులో ఏంటి ఆంటీ, చిప్పలా?” అని అడిగింది. పడవంతా నవ్వింది. నేను లేవబోయాను. రూతమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“ఔనమ్మా” అంది, ఫోన్‌లోకి చూస్తూ. “గట్టుకేద్దామని ఇన్నాళ్లూ దాచుకున్నానమ్మా. అక్కర్లేదన్నారు. పట్టుకుపోతన్నాను.”

పడవ ఇంకోసారి, ఇంకా గట్టిగా నవ్వింది. ఆ అమ్మాయి వీడియో వెనక్కి తిప్పి చూసుకుని, సూపర్‌గా వచ్చిందని చెప్పి, ఇంకొక్కసారి అనమని అడిగింది.